సొంత రౌటర్ పెడదామంటే కంపెనీవాళ్లు ససేమిరా అంటున్నారు. ఎవరైనా చేసి చూశారా?

తెనాలి_అబ్బాయి | శనివారం, రాత్రి 9:12

నమస్తే అందరికీ. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకోండి.

నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. పాత ఇల్లు, తొమ్మిదంగుళాల గోడలు. ఫైబర్ కనెక్షన్, 200 ఎంబీపీఎస్ ప్లాన్. కంపెనీవాళ్లిచ్చిన పెట్టె ముందు గదిలో టీవీ వెనకాల మేకుకి వేలాడుతోంది. నాన్న పడుకునేది వెనక గదిలో. మధ్యలో వంటిల్లు, ఇనప బీరువా, రెండు గోడలు. అక్కడికి వైఫై ఒక్క గీత వస్తుంది, అదీ తలుపు తీసి ఉంటేనే. రోజూ రాత్రి వీడియో కాల్‌లో నాన్న ముఖం గళ్లు గళ్లుగా ఆగిపోవడం, "ఏరా వినపడుతోందా" అని ఆయన అరవడం.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు వైఫై 6 రౌటర్ ఒకటి కొని పట్టుకెళ్లాను. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మా డివైజే వాడాలి సార్, బయటి రౌటర్లు సపోర్ట్ చేయవు" అన్నారు. సరేలే అని నేనే పాత పెట్టెలోంచి ఒక కేబుల్ లాగి కొత్తదానికి గుచ్చాను. వైఫై పేరు కనిపిస్తోంది, నెట్ మాత్రం లేదు. సెట్టింగ్స్ కోసం 192.168.1.1 కొడితే ఒకసారి పాత పెట్టె పేజీ, ఇంకోసారి కొత్తదాని పేజీ తెరుచుకుంటున్నాయి. గంటన్నర కుస్తీ పట్టి వదిలేశాను.

అసలు సొంత రౌటర్ పెట్టుకోవచ్చా? ఆ పెట్టె తీసేసి ఫైబర్ వైరు నేరుగా నాదానికి గుచ్చే దారి ఏమైనా ఉందా? గేటు దగ్గర కెమెరా పెట్టి ఇక్కణ్నుంచి చూసుకోవాలని కూడా ఉంది.

వైర్ల_వెంకడు | రాత్రి 9:31

ముందు ఆ ఫైబర్ వైరు జోలికి వెళ్లకండి. చివర ఆకుపచ్చ ముక్క ఉందా? అది మామూలు ఇళ్ల రౌటర్లలో దేనికీ పట్టదు, దానికి కన్నమే ఉండదు. ఊరికే పీకి పెడితే దుమ్ము పట్టి సిగ్నల్ తగ్గడం తప్ప ఒరిగేదేమీ లేదు.

మీ కుస్తీకి కారణం తేలికే. రెండు పెట్టెలదీ ఒకే అడ్రస్, 192.168.1.1. ఒకే వీధిలో రెండిళ్లకి ఒకే డోర్ నంబర్ ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? కొత్తదాన్ని 192.168.50.1కి మార్చండి. పాతదాంట్లోంచి వచ్చే కేబుల్ కొత్తదాని వ్యాన్ పోర్టులోనే, అంటే బయటినుంచి నెట్ లోపలికొచ్చే కన్నంలోనే గుచ్చండి, నెట్ వచ్చేస్తుంది.

తెనాలి_అబ్బాయి | రాత్రి 9:50

అవునండీ, ఆకుపచ్చదే. పెట్టెకి నాలుగు ల్యాన్ పోర్టులు, ల్యాండ్‌లైన్‌కి ఒక కన్నం ఉన్నాయి. అమ్మ ఆ ఫోన్ వాడుతుంది. అయితే ఆ పెట్టె తీయడం కుదరనే కుదరదా?

స్ప్లైసింగ్_సూరి | రాత్రి 11:05

నేను పదకొండేళ్లుగా ఫైబర్ లైన్ పనిలో ఉన్నాను, ఏ కంపెనీకో అడగొద్దు. అందరూ "రౌటర్" అనే ఆ పెట్టెలో నిజానికి రెండు పనులున్నాయి. ఒకటి వెలుగుని కరెంటుగా, కరెంటుని వెలుగుగా మార్చడం. దాన్ని ఓఎన్‌టీ అంటాం. రెండోది వైఫై, ఐపీ అడ్రస్‌లు పంచడం, అంటే రౌటర్ పని. రెండోది మీది పెట్టుకోవచ్చు. మొదటిదాని దగ్గరే పేచీ.

ఎందుకో చెప్తాను. మీ ఇంటికొచ్చే పోగు మీ ఒక్కరిది కాదు. ఎక్స్ఛేంజీలో ఓఎల్‌టీ అని ఇళ్ల పెట్టెలన్నిటినీ నడిపే పెద్ద పెట్టె ఉంటుంది. దాన్నుంచి బయల్దేరిన ఒక పోగు, స్తంభం మీది డబ్బాలో స్ప్లిటర్ దగ్గర 32గానో 64గానో చీలుతుంది. కిందికి వచ్చే డేటా 1490 నానోమీటర్ల వెలుగు మీద అందరి ఇళ్లకీ వస్తుంది, మీ పెట్టె మీకు సంబంధించింది మాత్రం తీసుకుంటుంది. పైకి వెళ్లేది 1310 మీద. పైకి మాత్రం వంతులుంటాయి. ఓఎల్‌టీ ఎవరికి సమయం ఇస్తే వాళ్లే లైటు కొట్టాలి. వంతు తప్పి కొట్టే పెట్టె ఒక్కటి దూరితే ఆ స్ప్లిటర్ మీద ఉన్న మిగతా ఇళ్లన్నీ అల్లాడిపోతాయి. ఒకసారి అలాంటిదాన్ని పట్టుకోవడానికి ఒక్కో ఇంటి వైరూ తీసి చూస్తూ మధ్యాహ్నం నుంచి రాత్రి పది దాకా తిరిగాను. అందుకే ప్రతి పెట్టె సీరియల్ నంబరూ ఓఎల్‌టీలో ఎక్కించి ఉంటుంది. ఎక్కించని పెట్టె మీరు వెలిగించినా లోపలికి రానివ్వదు.

కాబట్టి ఆ పెట్టె ఉంచాలి. దాన్ని "బ్రిడ్జ్ మోడ్"లో పెట్టించుకోండి. అప్పుడది వెలుగుని మార్చే పని మాత్రం చేస్తుంది. లాగిన్ మీ రౌటర్ చేస్తుంది. ల్యాండ్‌లైన్‌కి వేరే వీల్యాన్, అంటే అదే వైరులో నంబరు వేసి విడదీసిన దారి ఉంటుంది కాబట్టి సరిగ్గా చేస్తే అది పోదు. చేసేవాడికి రాకపోతే మాత్రం పోతుంది.

ఓరుగల్లు_నెట్ | ఆదివారం, ఉదయం 7:20

సూరి అన్న చెప్పింది కరెక్టే కానీ అంత దూరం ఎందుకు? తమ్ముడికి కావాల్సింది వెనక గదిలో సిగ్నల్. కొత్త రౌటర్‌ని ఏపీ మోడ్‌లో పెట్టి వెనక గదిలో పెడితే అయిపోయె. యాక్సెస్ పాయింట్ మోడ్ అన్నట్టు. ఏపీ అంటే ఆంధ్రా అనుకునేరు, మా వరంగల్‌లో కూడా మంచిగ పనిచేస్తది 😀

ముందు గది నుంచి వెనక్కి ల్యాన్ కేబుల్ ఒకటి కావాలె. ఐపీ అడ్రస్‌లు పాత పెట్టే పంచుతుంది, కొత్తది వైఫై మాత్రం ఇస్తుంది. కంపెనీకి ఒక్క ఫోన్ కూడా చేయక్కర్లేదు.

అడ్మిన్_అడ్మిన్ | ఉదయం 8:02

@ఓరుగల్లు_నెట్ అన్నా, అలా అయితే సొంత రౌటర్ కొన్నట్టు ఎలా అవుతుంది? కంపెనీ పెట్టెలో డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిచ్చేది) మార్చనివ్వరు, పిల్లల ఫోన్లకి టైమ్ పెట్టనివ్వరు. పైగా వాళ్లు టీఆర్-069 అనే రిమోట్ పద్ధతితో బయటినుంచే దాంట్లోకి వస్తారు, సెట్టింగ్స్ మారుస్తారు. నా ఇంటి వైఫై పాస్‌వర్డ్ కస్టమర్ కేర్ అమ్మాయి ఫోన్‌లో చదివి వినిపించింది, మీకు తెలుసా? బ్రిడ్జ్ తప్ప వేరే మాటే లేదు.

ఓరుగల్లు_నెట్ | ఉదయం 8:15

నీ యూజర్ నేమ్ చూస్తుంటే నీ పాస్‌వర్డ్ నాక్కూడా తెలిసినట్టే ఉంది.

తెనాలి_అబ్బాయి | ఆదివారం, సాయంత్రం 6:40

నిన్న రాత్రి చెప్పినట్టే అడ్రస్ మార్చాను, నెట్ వచ్చింది. ఇవాళ ఓరుగల్లు అన్న చెప్పిన ఏపీ మోడ్ పెట్టాను. పాత కనెక్షన్ రోజుల్లో కేబుల్ టీవీ అతను గోడలో పైపు వేసి లాగిన ల్యాన్ వైరు ఉంది, అదే వాడాను. వెనక గదిలో ఫుల్ సిగ్నల్! నాన్న ముఖం ఇప్పుడు పుట్టుమచ్చతో సహా కనిపిస్తోంది.

కానీ స్పీడ్ 94 దగ్గర ఆగిపోతోంది. ముందు గదిలో పాత పెట్టె పక్కన 200 వస్తోంది. కొత్తదాంట్లో ఏమైనా లోపమా? రిటర్న్ ఇచ్చేయాలా?

వైర్ల_వెంకడు | సాయంత్రం 6:48

94 అంటే చాలు, జాతకం చెప్పేయొచ్చు. ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింక్ పడింది. మీ రౌటర్ పోర్టులు గిగాబిటా? కొన్నింటి మీద "ఏసీ1200" అని పెద్దక్షరాలతో రాసి, పోర్టులు మాత్రం 100వి పెడతారు. 1200 గాల్లో, 100 వైర్లో.

తెనాలి_అబ్బాయి | సాయంత్రం 6:55

గిగాబిట్ అనే రాసుందండీ.

స్ప్లైసింగ్_సూరి | సాయంత్రం 7:30

అయితే వైరే. కేబుల్ చివర ప్లాస్టిక్ ముక్కని వెలుతురులో పట్టుకుని చూడండి. లోపల ఎన్ని రంగులు కనిపిస్తున్నాయి?

తెనాలి_అబ్బాయి | సాయంత్రం 7:41

తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ. నాలుగే. నీలం, గోధుమ రంగు వైర్లు బయటే కత్తిరించేసి ఉన్నాయి!

స్ప్లైసింగ్_సూరి | సాయంత్రం 7:52

అదే సంగతి. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. అప్పట్లో ఊళ్లో 10, 20 ఎంబీపీఎస్ ప్లాన్లే, ఎనిమిది వైర్లు వరసలో పెట్టడానికి బద్ధకమేసి నాలుగే కొట్టేవాళ్లు. కొందరైతే మిగిలిన రెండు జతలతో పక్కింటికి ఇంకో కనెక్షన్ ఇచ్చేవాళ్లు. నేను చూశాను, నేనూ ఇచ్చాను. వైరు మంచిదే, పారేయకండి. రెండు చివర్లూ కత్తిరించి కొత్తగా ఎనిమిదీ క్రింప్ చేయించండి, అంటే కొత్త ప్లాస్టిక్ ముక్కల్లో పెట్టి టూల్‌తో నొక్కించండి.

మ్యూనిక్_మామ | ఆదివారం, రాత్రి 11:58

ఇదంతా చదువుతుంటే 2015లో మేం ఇక్కడికి వచ్చిన కొత్తలు గుర్తొచ్చాయి. అప్పుడు జర్మనీలో కూడా కంపెనీ ఇచ్చిన పెట్టే వాడాలి అనే తంతు ఉండేది. దానికి జనం పెట్టిన పేరు "రౌటర్‌త్స్వాంగ్", అంటే రౌటర్ నిర్బంధం. 2016 ఆగస్టు 1 నుంచి చట్టం మారింది. గోడ మీది సాకెట్ వరకే కంపెనీది, దానికి ఏది తగిలించుకుంటారో కస్టమర్ ఇష్టం. లాగిన్ వివరాలు మనం అడగకుండానే ఇవ్వాలి. నాకు పోస్ట్‌లో ఒక ఉత్తరంలో వచ్చాయి.

మన దగ్గర పీపీపీఓఈ పాస్‌వర్డ్ (రౌటర్ కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యేది) అడిగితే ఆస్తి కాగితాలు అడిగినట్టు చూస్తారు.

ఫ్రిస్కో_బాబాయ్ | సోమవారం, ఉదయం 5:10

అమెరికాలో కేబుల్ నెట్ వాళ్లం సొంత మోడెమ్ కొనుక్కోవడం మామూలే. సొంతది పెట్టుకున్నా అద్దె వేసేవాళ్లు కొందరు. 2020 డిసెంబర్ నుంచి చట్టం అది కుదరదంది. కానీ ఫైబర్ తీసుకుంటే ఇక్కడా కొందరు తమ గేట్‌వే తియ్యనివ్వరు, ఐపీ పాస్‌త్రూ, అంటే బయటి అడ్రస్ మీ రౌటర్‌కే అందించే సెట్టింగ్ పెట్టుకోండి అంటారు. కాబట్టి మరీ కుళ్లుకోకండి.

స్ప్లైసింగ్_సూరి | సోమవారం, ఉదయం 9:05

మామగారూ, ఆస్తి కాగితాల మాట నిజమే. కాస్త మా వైపు నుంచి కూడా వినండి. "నెట్ రావట్లేదు" అని కంప్లెయింట్. ఎండలో పది కిలోమీటర్లు వెళ్తాం. వైర్లో వెలుగు ఎంతుందో కొలిచే పవర్ మీటర్ పెడితే మైనస్ 19 డీబీఎం, సిగ్నల్ బంగారం. మైనస్ 27 దాటితే కదా చింత. తీరా చూస్తే వాళ్లబ్బాయి కొన్న రౌటర్ రీసెట్ బటన్ పనిమనిషి తుడుస్తూ నొక్కింది. అది సరిచేసి వస్తే ఆ విజిట్ లెక్కలోకి రాదు. రూల్ కన్నా ఇదే అసలు కారణం, చాలామంది మావాళ్లు "కుదరదు" అనేయడానికి.

టీచరమ్మ_కాకినాడ | సోమవారం, రాత్రి 8:30

సూరిగారూ, మాకు నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే ఫైబర్ మీద వస్తాయి. నేను కూడా రౌటర్ మారిస్తే టీవీ పోతుందా? ఇంకొకటి, కరెంటు పోతే మినీ యూపీఎస్ మీద ఇప్పుడు ఒక పెట్టె నడుస్తోంది. రెండు పెట్టెలైతే?

స్ప్లైసింగ్_సూరి | సోమవారం, రాత్రి 9:10

మేడమ్, మూడూ ఒకే పోగులో వచ్చినా వేర్వేరు వీల్యాన్‌లలో వస్తాయి, మీ పెట్టె వాటిని విడదీసి ఒక్కో పోర్టుకి పంపిస్తుంది. ఏపీ మోడ్ పెడితే ఏదీ కదలదు. బ్రిడ్జ్ అయితే నెట్ ఒక్కదాన్నే బ్రిడ్జ్ చేయమని చెప్పాలి.

యూపీఎస్ మంచి ప్రశ్న. రెండు అడాప్టర్ల వెనక ఉన్న అంకెలు చూడండి. రెండూ 12 వోల్టులైతే, యాంపియర్లు కలిపి యూపీఎస్ ఇవ్వగలిగినదానికి లోపలే ఉంటే, రెండు పిన్నులున్నది కొనొచ్చు. కొన్ని రౌటర్లు 9 వోల్టులవి ఉంటాయి, వాటికి 12 పెడితే కాలిపోవచ్చు.

తెనాలి_అబ్బాయి | తర్వాతి శనివారం, రాత్రి 10:20

అప్‌డేట్. వైరు క్రింప్ చేయించాను, ఇప్పుడు వెనక గదిలో కూడా 190 పైనే. ఇక్కడితో ఆగాల్సింది. కెమెరా కోసం అడ్మిన్_అడ్మిన్ మాట విని బ్రిడ్జ్ మోడ్ వెంట పడ్డాను.

కస్టమర్ కేర్‌కి నాలుగు ఫోన్లు. ప్రతిసారీ "టికెట్ రైజ్ చేశాం సార్". మర్నాడు ఉదయం "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్. ఎవరూ రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. మూడో టికెట్ కూడా అలాగే పరిష్కరించబడింది. చివరికి నాన్న బజార్లో లైన్ చూసే కుర్రాణ్ని పట్టుకుని, టీ ఇప్పించి, ఇంటికి తీసుకొచ్చారు. అతను ల్యాప్‌టాప్ పెట్టి పది నిమిషాల్లో చేసేశాడు. పది నిమిషాలు!

పాస్‌వర్డ్ కరెంటు బిల్లు వెనక రాసిచ్చి వెళ్లిపోయాడు. నాన్న ఫోటో తీసి పంపారు. నేను ఇక్కణ్నుంచి ఫోన్‌లో అమ్మచేత కొట్టిస్తుంటే "ఆథెంటికేషన్ ఫెయిల్డ్". అరగంట తర్వాత తెలిసింది, మేం 1 అంకె అనుకున్నది అంకె కాదు, ఇంగ్లిష్ చిన్న ఎల్ (l). అయినా ఎక్కలేదు.

వైర్ల_వెంకడు | రాత్రి 10:31

పాత సెషన్ ఇంకా వాళ్ల సర్వర్లో బతికే ఉంటుంది. ఒక ఐడీకి ఒకే లాగిన్. రెండు పెట్టెలూ ఆపి పావుగంట ఆగి చూడండి. వీల్యాన్ నంబరు ఆ కుర్రాడు ఓఎన్‌టీలోనే పెట్టి ఉంటే మీ రౌటర్‌లో మళ్లీ పెట్టకూడదు. రెండు చోట్లా పెడితే ఎక్కడికీ వెళ్లదు.

తెనాలి_అబ్బాయి | రాత్రి 11:15

రెండు చోట్లా పెట్టాను 🤦 తీసేశాక ఎక్కింది. వెంకడన్నా, మీకు తెనాలిలో భోజనం బాకీ.

కానీ కెమెరా బయటినుంచి రావట్లేదు. బయటినుంచి కెమెరాకి దారి ఇచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్ అంతా పెట్టాను.

పోర్ట్_పోతురాజు | రాత్రి 11:40

రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ ఎంత ఉంది? బ్రౌజర్‌లో "నా ఐపీ ఎంత" అని వెతికితే ఎంత వస్తోంది?

తెనాలి_అబ్బాయి | రాత్రి 11:52

రౌటర్‌లో 100.72 తో మొదలవుతోంది. బ్రౌజర్‌లో వేరేది వస్తోంది.

పోర్ట్_పోతురాజు | ఆదివారం, ఉదయం 12:10

నేననుకున్నదే. 100.64 నుంచి 100.127 దాకా అడ్రస్‌లు సీజీన్యాట్ కోసం పక్కన పెట్టినవి, 2012లో ఆ ఏర్పాటు జరిగింది. ఐపీవీ4 అడ్రస్‌లు అందరికీ చాలవు కాబట్టి మీ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక ఎంతోమందిని కూర్చోబెట్టింది. అపార్ట్‌మెంట్‌కి ఒకే గేటు ఉన్నట్టు. మీ ఫ్లాట్ తలుపు మీరు బార్లా తీసినా, కింద గేటు తాళం వాచ్‌మన్ దగ్గర. బ్రిడ్జ్ మోడ్, ఖరీదైన రౌటర్, ఏదీ దీన్ని మార్చలేవు.

కంపెనీని స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే మారని పబ్లిక్ అడ్రస్ అడగండి, నెలకి విడిగా డబ్బు కట్టాలి. లేదా టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ యాప్ పెట్టుకుంటే లోపలినుంచే దారి వేస్తుంది, గేటుతో పని లేదు. అన్నిటికన్నా సులువు, కెమెరా కంపెనీ యాప్. అది లోపలినుంచి బయటికి కలుపుకుంటుంది కాబట్టి సీజీన్యాట్ అడ్డు రాదు. బొమ్మలు వాళ్ల సర్వర్ మీదుగా వెళ్లొచ్చు, అందుకే గేటుకి పెట్టండి, పడగ్గదికి వద్దు.

అడ్మిన్_అడ్మిన్ | ఆదివారం, ఉదయం 9:00

సారీ బ్రదర్, సీజీన్యాట్ సంగతి ముందే అడగాల్సింది.

తెనాలి_అబ్బాయి | మూడు వారాల తర్వాత, బుధవారం

చివరి అప్‌డేట్. కెమెరా యాప్‌తోనే పెట్టాను, బాగానే వస్తోంది. పొద్దున్నే పాలబ్బాయి రావడం, అమ్మ ముగ్గు వేయడం ఆఫీస్ బస్సులో చూసుకుంటున్నాను.

మొన్న సోమవారం రాత్రి నెట్ పోయింది. కంపెనీవాళ్లు రాత్రికి రాత్రే ఓఎన్‌టీకి ఏదో అప్‌డేట్ తోసినట్టున్నారు, బ్రిడ్జ్ ఎగిరిపోయి మళ్లీ మామూలు మోడ్‌కి వచ్చింది. నా రౌటర్ పాపం రాత్రంతా లాగిన్ కోసం తలుపు కొడుతూనే ఉంది. ఆ రెండు రోజులూ నాన్న నాకు ఫోన్ చేయలేదు. అడిగితే "నువ్వు మీటింగుల్లో ఉంటావని" అన్నారు.

నిన్న ఫోన్‌లోనే అమ్మచేత కొత్త రౌటర్‌ని మళ్లీ ఏపీ మోడ్‌లో పెట్టించాను. ఏ మీట నొక్కాలో, ఏ లైటు ఏ రంగులో ఉండాలో అట్ట ముక్క మీద రాసి గోడకి అంటించమన్నాను. ఆవిడ అంటించి, కింద తన చేత్తో "ఎర్ర లైటు వస్తే సుబ్బారావు షాపు పక్క కుర్రాడు" అని రాసుకుంది.

ఓరుగల్లు_నెట్ | బుధవారం, రాత్రి 8:12

మొదటి ఆదివారం ఉదయం 7:20కి నేను ఏం రాసిన్నో ఒకసారి పైకి పోయి చూడు తమ్ముడూ 😀

టీచరమ్మ_కాకినాడ | బుధవారం, రాత్రి 8:45

నేనూ మా గోడలో వైరు వెలుతురులో పెట్టి చూశాను. నాలుగే! క్రింపింగ్ టూల్ కొనుక్కుంటే నేనే చేసుకోగలనా, లేక మనిషిని పిలవాలా?

స్ప్లైసింగ్_సూరి | బుధవారం, రాత్రి 9:20

చేసుకోగలరు మేడమ్. వరస రాసుకోండి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లూ ఇదే. ముక్కలు మాత్రం పది కొనండి, మొదటి నాలుగూ పోతాయి.